పాకలో ఈగలు: రోజూ కడుగుతున్నా ఎక్కణ్ణుంచి పుట్టుకొస్తున్నాయి?

పాలచెంబు
రెండు పూటలా పేడ ఎత్తేస్తాం. నేల కడుగుతాం. గోడలకు మందు కొడుతూనే ఉన్నాం. కొట్టిన రోజు ప్రశాంతంగా ఉంటుంది, నాలుగు రోజులు తిరక్కుండానే మళ్లీ మొదలు. పాలు పితుకుతుంటే ఆవు కాలు నేలకేసి కొడుతూనే ఉంటుంది. ఇక తోక దెబ్బలు సరేసరి. మందు మార్చమని ఒకరు, డోసు పెంచమని ఇంకొకరు చెప్పారు. మందు పనిచెయ్యట్లేదా, ఈగలే బయటినుంచి వచ్చిపడుతున్నాయా? తెలిసినవాళ్లు చెప్పండి.

ఎర్రగిత్త
మందు మార్చండి. ఒకే రకం కొడుతూ పోతే ఈగకు అలవాటైపోతుంది. రకం మార్చి మార్చి కొట్టాలి, అంతే.

గంగడోలు
మందు సంగతి తర్వాత. ముందు ఈగ ఎక్కడ వాలుతోందో చెప్పండి. కాళ్ల మీదా, వీపు మీదా, కళ్ల చుట్టూనా? అది చెప్పకుండా మందు అడగడమంటే జ్వరమో విరేచనమో చెప్పకుండా మాత్ర అడిగినట్టే.

పాలచెంబు
ఎక్కువగా కాళ్ల మీదే, మోకాలి కింద. ముందుకాళ్లకు మరీ ఎక్కువ. మూతి దగ్గర కూడా కొన్ని ఉంటాయి. చూడ్డానికి అన్నీ మామూలు ఇంటి ఈగలే.

గంగడోలు
మూతి దగ్గరవి ఇంటి ఈగలే అయ్యుండొచ్చు. కాళ్ల మీదవి మాత్రం కావు. ఒకదాన్ని పట్టుకుని తల కిందకి చూడండి. సూదిలా నల్లటి ముక్కు ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది. ఇంటి ఈగకు అది ఉండదు, దానిది అద్దుకుని పీల్చే మూతి. కాలు నేలకేసి కొట్టే పశువును చూస్తే చాలు, రక్తం తాగే ఈగ అని చెప్పెయ్యొచ్చు.

చిట్టిదూడ
ఈగలు రక్తం కూడా తాగుతాయా?? దోమలే అనుకున్నా ఇన్నాళ్లూ

పురుగులపిచ్చి
తాగుతాయి తమ్ముడూ. దోమల్లో ఆడదే కుడుతుంది. ఈ కాళ్ల ఈగలో, అంటే స్టేబుల్ ఫ్లైలో, ఆడా మగా రెండూ కుడతాయి.

పాలచెంబు గారూ, పశువుల చుట్టూ తిరిగేది ఒక్క ఈగ కాదు. నాలుగైదు రకాలు. ఒక్కోదాని బతుకు ఒక్కోలా ఉంటుంది, అందుకే ఒకదానికి పనిచేసింది ఇంకోదానికి చెయ్యదు.

ఇంటి ఈగ: కుట్టదు. కన్నీరు, చొంగ, పుండురసి, పాలచుక్క, ఏది తడిగా ఉంటే అది నాకుతుంది. ఒక్క విడతలో నూరు నుంచి నూటయాభై గుడ్లు పెడుతుంది. బతికినన్నాళ్లలో ఇలా నాలుగైదు విడతలు. వేడి రోజుల్లో గుడ్డు ఒక్క రోజులోపే పగులుతుంది. తెల్ల పురుగు మూడు దశల్లో పెరిగి, వారంలోపే పొడి చోటు వెతుక్కుని ప్యూపా అవుతుంది, అంటే గట్టి పెంకులో ముడుచుకుని లోపల ఈగగా మారుతుంది. గుడ్డు నుంచి రెక్కల దాకా మొత్తం ఏడు నుంచి పది రోజుల పని.

స్టేబుల్ ఫ్లై: మీ కాళ్ల ఈగ. దీనికి ఇంకాస్త ఎక్కువ పడుతుంది, వెచ్చగా ఉంటే మూడు వారాలు అటూ ఇటూ. ఉత్త పేడ కన్నా, మూత్రంలో తడిసి కుళ్లిన గడ్డి దీనికి ఇష్టం. పేడ, ఎండుగడ్డి, తడి మూడూ కలిసిన చోటు దొరికితే అక్కడే గుడ్లు. పశువు మీద నాలుగైదు నిమిషాలే ఉంటుంది. కడుపునిండా తాగి పోయి, గోడ మీదో స్తంభం మీదో నీడలో కూర్చుని అరిగించుకుంటుంది. రోజుకు ఒకటి రెండు సార్లే తాగుతుంది.

హార్న్ ఫ్లై: ఇంటి ఈగలో సగం ఉంటుంది. మేతకు తిరిగే పశువుల వీపు మీదా మూపురం మీదా గుంపులుగా, తల కిందికి పెట్టి కూర్చునేది ఇదే. ఎండ మండితే పొట్ట కిందికి దిగుతుంది. రాత్రీ పగలూ పశువు మీదే కాపురం. రోజుకు ఇరవై ముప్ఫై సార్లు కుడుతుంది. పశువు పేడ వేసిన మరుక్షణం దిగి, వేడివేడి పేడ అంచున గుడ్లు పెట్టి మళ్లీ పైకెక్కేస్తుంది. పది నిమిషాలు దాటిన పేడను అసలు పట్టించుకోదు.

ఇక జోరీగ ఉంది, దాని గురించి తర్వాత రాస్తా. చెయ్యి నొప్పెడుతోంది.

ఎర్రగిత్త
ఇంత చదివేలోపు రెండు ట్యాంకులు కొట్టెయ్యొచ్చు.

పురుగులపిచ్చి
కొట్టండి. మీరు చూస్తున్న ఈగలు చచ్చిపోతాయి. చూడనివి కుప్పలో గుడ్లుగా, పురుగులుగా, ప్యూపాలుగా ఉన్నాయి, వాటికి గోడ మీది మందు తగలదు. రోజూ కొత్తగా బయటికి వస్తూనే ఉంటాయి. పాలచెంబు గారు అడిగిన నాలుగు రోజుల లెక్క ఇదే.

పాలచెంబు
గంగడోలు గారు చెప్పినట్టు ఒకదాన్ని పట్టుకుని చూశా. సూది ఉంది. పొట్ట నొక్కితే రక్తం వచ్చింది.

కానీ పేడ రోజూ ఎత్తేస్తున్నాం కదా, గుడ్లు పెట్టడానికి చోటేది?

ఎరువుకుప్ప
ఎత్తిన పేడ ఎక్కడ వేస్తున్నారు? పాక నుంచి ఎంత దూరం? కుప్ప మీద ఏమైనా కప్పుతున్నారా?

పాలచెంబు
పాక వెనకే. కప్పట్లేదు.

ఎరువుకుప్ప
కుప్ప నడిమధ్య వేడికి పురుగు బతకదు. బాగా మాగుతున్న కుప్పలో 55, 60 డిగ్రీలు దాటుతుంది. పురుగంతా పైపొరలో, పక్కల్లో, చల్లగా తడిగా ఉన్న చోట చేరుతుంది. పార పెట్టి అంచుల్లో జానెడు లోతు తవ్వి చూడండి. కుప్పను తరచూ తిరగెయ్యండి, బయటిపొర లోపలికి పోవాలి. లేదంటే నల్ల ప్లాస్టిక్ పట్టా గట్టిగా కప్పి అంచులు మట్టితో పూడ్చండి. లోపల వేడి, గాలాడకపోవడం, రెండూ కలిసి పురుగును కాల్చేస్తాయి.

గంగడోలు
కుప్ప సరే, కాళ్ల ఈగ అయితే నేను ముందు గాడి చూస్తా. గాడి మూలల్లో తినకుండా వదిలేసిన మేత, గాడికీ గోడకీ మధ్య సందు, నీళ్లతొట్టి కారే చోటు, దూడల కింద వేసే గడ్డి. నేల కడిగే నీళ్లు ఎక్కడికి పోతున్నాయో చివరిదాకా వెంబడి నడవండి. కడగడమే ఒక్కోసారి కొంపముంచుతుంది, పొడిగా ఉన్న చెత్తను తడిపి పెట్టేది మనమే.

తూనీగరెక్క
ఈ గోలంతా ఎందుకు, మా పొలంలో పశువుల చుట్టూ ఎప్పుడూ తెల్లకొంగలే. ఈగల్ని అవే ఏరుకుని తింటాయి. మందుకు దూరంగా ఉంటే కొంగలు వాటంతటవే వస్తాయి.

ఎర్రగిత్త
కొంగ ఈగను తినడం ఎప్పుడైనా దగ్గరగా చూశారా? పశువు నడిచినప్పుడు గడ్డిలోంచి లేచే మిడతలకోసం తిరుగుతుంది అది.

పురుగులపిచ్చి
ఈ ఒక్కసారికి ఎర్రగిత్త గారి పక్షమే నేను 😄 పశువుల కొంగ ప్రధానంగా మిడతలు, కీచురాళ్లు, సాలీళ్లు, కప్పలు తింటుంది. ఈగలూ తింటుంది కానీ మంద మీద ఉన్న ఈగలన్నీ దానివల్ల తగ్గుతాయనుకుంటే అది అత్యాశ. పసులపోలిగాడు పిట్ట కాస్త నయం. వీపు మీద కూర్చుని, గాల్లోకి లేచిన పురుగును ఎగిరి పట్టుకుంటుంది. గోరువంకలు పేడను కెలికి లోపలి పురుగుల్ని తింటాయి. ఆ కెలకడమే ఎక్కువ మేలు, పేడ పరుచుకుని త్వరగా ఎండిపోతుంది.

తూనీగరెక్క
మా తెల్లకొంగల పరువు తీశారు. పసులపోలిగాడి ఫొటోలు నా దగ్గర బోలెడున్నాయి, రేపు పెడతా.

చిట్టిదూడ
కోళ్లను వదిలితే?

గంగడోలు
వదులు. పేడ వేసిన మూడో రోజు నాలుగో రోజు కోళ్లను తోలితే పురుగు లావెక్కి ఉంటుంది, కుప్పంతా చిందరవందర చేసి ఏరుకుంటాయి. మరీ ముందే తోలితే గుడ్లూ నలుసంత పురుగులే ఉంటాయి, కోడి పట్టించుకోదు. ఆలస్యమైతే ఈగ ఎగిరిపోయి ఉంటుంది. కాకపోతే పాలు పితికే చోటికి కోళ్లను రానివ్వకు, వాటి రెట్ట వేరే తలనొప్పి.

మందులబ్యాగు
పశువైద్యం వైపు నుంచి రెండు ముక్కలు. కాళ్ల ఈగను ఒట్టి చిరాకుగా తీసిపారెయ్యొద్దు. ఒక పశువు మీద సగం తాగి, అది కాలు విదిలిస్తే పక్కదాని మీద వాలి మిగతా సగం తాగుతుంది. ముక్కుకు అంటిన రక్తంతో రోగం కూడా దాటుతుంది. సర్రా రోగం, అంటే రక్తంలో చేరే సూక్ష్మజీవి వల్ల వచ్చే జ్వరం, జోరీగల వల్లా ఈ ఈగల వల్లా ఇలాగే పాకుతుంది. ముద్దచర్మం (లంపీ స్కిన్) వ్యాధిలోనూ కుట్టే పురుగుల పాత్ర ఉంది. మేత తక్కువ తింటుంది, పాలు తగ్గుతాయి, పశువులు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ గుంపుగా నిలబడిపోతాయి. ఎండలో అలా నిలబడితే వేడి దెబ్బ కూడా.

కళ్ల చుట్టూ మూగే ఈగలు కండ్లకలకను ఒకదాన్నుంచి ఇంకోదానికి మోస్తాయి. కొన్ని రకాలు కంటిపురుగును కూడా.

పాలచెంబు
గాడి వెనక సందులో గడ్డపలుగు పెట్టి లాగా. తడి గడ్డి ఒక అడుగు మందాన పేరుకుని ఉంది. లోపలంతా పురుగులు. ఎన్నో చెప్పలేను, గడ్డే కదులుతోంది. ముదురు ఎరుపు రంగులో కోలగా గట్టిగా ఉన్నవి కూడా పిడికెడు దొరికాయి.

రాత్రిగస్తీ
అన్నం తినే టైములో ఈ పోస్టు చదివా. ధన్యవాదాలు.

పురుగులపిచ్చి
ఆ ఎర్రటివే ప్యూపాలు. పారెయ్యకండి! కొన్ని ఏరి సీసాలో వేసి, మూతికి పలచటి గుడ్డ కట్టి, నీడలో పెట్టండి. ఏం బయటికి వస్తుందో చూద్దాం.

ఎర్రగిత్త
ఏం వస్తుంది, ఈగ వస్తుంది. దానికి సీసా ఎందుకు?

పురుగులపిచ్చి
ఈగ రాకపోవచ్చు కూడా, అదే చూడాలి.

ఈ ప్యూపాల్ని వెతుక్కుంటూ తిరిగే చిన్న కందిరీగలుంటాయి. చీమకంటే చిన్నవి, మనల్ని కుట్టవు. స్పాలాంజియా, మస్కిడిఫ్యూరాక్స్ అని వీటిలో ముఖ్యమైన రెండు రకాలు. పెంకుకు సన్నటి రంధ్రం పొడిచి లోపల గుడ్డు పెడుతుంది. దాని పిల్ల లోపలున్న ఈగను తిని, రెండు మూడు వారాలకు గుండ్రటి చిల్లు చేసుకుని బయటికి వస్తుంది. గుడ్డు పెట్టకపోయినా కొన్నిసార్లు పొడిచి రసం పీల్చి ప్యూపాను చంపేస్తుంది. మస్కిడిఫ్యూరాక్స్ పైపైన వెతుకుతుంది, స్పాలాంజియా చెత్తలోకి ఇంకా లోతుగా దిగుతుంది. ఇద్దరూ ఉంటే పైవీ కిందవీ రెండూ పోతాయి.

గోడలకు కొట్టే మందు వీటికీ హాని చేస్తుంది. కుప్ప మీద కొడితే ఇక చెప్పనక్కర్లేదు. ఇంటి ఈగ తరం వారం పది రోజుల్లో తిరిగి వచ్చేస్తుంది, కందిరీగ కోలుకునేసరికి ఈగ రెండు తరాలు ముందుంటుంది.

ఎర్రగిత్త
కందిరీగల్ని కొని తెచ్చి వదిలినవాళ్లను చూశా. ఏమీ తగ్గలేదు. పెట్టెలో వచ్చాయి, వదిలారు, మాయమయ్యాయి.

మందులబ్యాగు
ఇందులో నిజముంది. వదిలినచోటల్లా పనిచెయ్యలేదు. కొన్ని పాకల్లో బాగా తగ్గాయి, కొన్నిట్లో తేడా లేదు. ఒక్కసారి వదిలితే చాలదు, ఈగల కాలం మొదలయ్యే ముందునుంచీ విడతలుగా వదలాలి. జాతి కూడా సరైనది కావాలి. నాసోనియా అనే కందిరీగ మాంసపు ఈగల మీద బాగా పనిచేస్తుంది, పాకలో ఈగల మీద అంతంతమాత్రం. అన్నిటికీ మించి, తడి గడ్డి అడుగు మందాన ఉంచుకుని కందిరీగల్ని వదిలితే అవేం చేస్తాయి పాపం.

ఎరువుకుప్ప
కుప్పలో ఇంకో సైన్యం ఉంది, ఎవరూ చూడరు. నల్లులు. మంచాల్లో ఉండేవి కావు, కుప్పల్లో ఉండే మైట్లు. మాక్రోకీలిస్ అంటారు. ఈగ గుడ్లనూ అప్పుడే పుట్టిన పురుగునూ తింటాయి, ఆడ నల్లి రోజుకు పది ఇరవై గుడ్ల దాకా లాగించేస్తుంది. పాత కుప్ప నుంచి కొత్త పేడకు ఎలా వెళ్తాయో తెలుసా? ఈగనే పట్టుకుని వేలాడుతూ!

చిట్టిదూడ
అంటే ఈగ తన పిల్లల్ని తినేవాణ్ణి తనే మోసుకెళ్తుందా 😂

రాత్రిగస్తీ
టికెట్ కూడా లేదు.

ఎరువుకుప్ప
పేడపురుగుల మీద కూడా ఎక్కి వెళ్తాయి. కుప్పలో మెరిసే నల్లటి చిన్న పెంకుపురుగులు కనబడితే అవి కూడా మనవే, గుడ్లూ పురుగులూ తింటాయి. పొట్ట పైకెత్తి పరిగెత్తే సన్నటి పురుగులుంటాయి, రోవ్ బీటిల్స్. వాటిలో అలియోకారా అనే రకంలో ఎదిగిన పెంకుపురుగు ఈగ పురుగుల్ని తింటే, దాని పిల్ల ప్యూపాలోకి తొలుచుకుని పోయి లోపల ఉన్నదాన్ని తింటుంది. అందుకే అంటున్నా, కుప్ప మొత్తం ఒక్కసారి ఎత్తెయ్యకండి. కింద పొడి పొర వదిలితే ఈ సైన్యం మిగిలి, కొత్త పేడలోకి ఎక్కుతుంది.

గంగడోలు
ఒప్పుకోను. పొర వదలడం కోళ్లఫారాల లెక్క. అక్కడ రెట్ట నెలల తరబడి కిందే పేరుకుంటుంది, నల్లులు కుదురుకోవడానికి టైముంటుంది. పశువుల పాకలో తడి గడ్డి పొర వదిలితే మిగిలేది నల్లులు కాదు, కాళ్ల ఈగ. పాకలో నేల కనబడేదాకా ఎత్తాల్సిందే. కావాలంటే బయట మాగే కుప్పలో పొర వదులుకోండి.

ఎరువుకుప్ప
బయటి కుప్ప గురించే నేనన్నది. పాకలో కాదు.

గంగడోలు
అలాగైతే గొడవ లేదు.

పురుగులపిచ్చి
పేడపురుగుల మాట వచ్చింది కాబట్టి ఆస్ట్రేలియా కథ చెప్పకుండా ఉండలేను.

అక్కడికి పశువులు 1788లో ఓడల్లో వెళ్లాయి. అప్పటిదాకా అక్కడున్న పేడపురుగులు కంగారూలవంటి జంతువుల పొడి గుళికలకు అలవాటుపడ్డవి. ఆవు వేసిన తడి పేడ వాటికి ఎక్కలేదు. పేడ అక్కడే ఎండి పేరుకుంది, దాని చుట్టూ గడ్డిని పశువులు ముట్టవు, ఈగలకేమో పండగ. బుష్ ఫ్లై జనం మొహాల మీద ముసిరేది, ఉత్తరాన బఫెలో ఫ్లై పశువుల్ని పీక్కుతినేది. జార్జ్ బోర్నెమిస్సా అని హంగరీలో పుట్టిన కీటక శాస్త్రవేత్త, పశువుల పేడకు అలవాటైన పురుగుల్ని బయటినుంచి తెద్దామన్నాడు. ప్రభుత్వ పరిశోధన సంస్థ సి.ఎస్.ఐ.ఆర్.ఓ. 1965లో ఆ పని మొదలెట్టి ఇరవై ఏళ్లు నడిపింది. ఆఫ్రికా నుంచీ యూరప్ నుంచీ నలభైకి పైగా జాతులు తెచ్చారు. పురుగుల్ని నేరుగా తేలేదు. రోగాలు వెంట రాకుండా గుడ్లను శుభ్రం చేసి, అక్కడ పొదిగించి వదిలారు. ఇరవైకి పైగా జాతులు స్థిరపడ్డాయి.

ఫలితం? చాలాచోట్ల బుష్ ఫ్లై బాగా తగ్గింది. బఫెలో ఫ్లై మీద మాత్రం అనుకున్నంత పని జరగలేదు. తాజా పేడలో గుడ్లు పెట్టి త్వరగా పెరిగే ఈగను తట్టుకోవాలంటే పురుగులు ఆ ఒకటి రెండు రోజుల్లోనే పేడను పూడ్చెయ్యాలి, ఏడాది పొడుగునా అంత సంఖ్యలో ఉండాలి. అది అన్నిచోట్లా కుదరదు.

ఎర్రగిత్త
చూశారా, ఇరవై ఏళ్లు తిరిగినా సగమే.

పురుగులపిచ్చి
మందుతో ఎంత వచ్చింది మరి? 1980లలో అమెరికాలో చెవికి తగిలించే మందు బిళ్లలొచ్చాయి, హార్న్ ఫ్లై రాలిపోయింది. కొన్నేళ్లకే ఆ మందును తట్టుకునే ఈగలు పుట్టాయి. మంద మొత్తానికి ఏడాదంతా ఒకే మందు తగిలిస్తే జరిగేది అదే. మీరే కదా మొదట్లో అన్నారు, ఈగకు అలవాటైపోతుందని.

మందులబ్యాగు
పేడపురుగులు కావాలనుకునేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. కడుపులో పురుగులకు, పిడుదులకు ఐవర్‌మెక్టిన్ ఇస్తాం కదా. అందులో చాలాభాగం పేడలో బయటికి వస్తుంది. ఆ పేడలో ఈగ పురుగులూ చస్తాయి, పేడపురుగు పిల్లలూ చస్తాయి. కొన్ని వారాలపాటు ఆ ప్రభావం ఉంటుంది. ఇవ్వొద్దనట్లేదు, అవసరమున్న పశువుకు ఇవ్వాల్సిందే. మంద మొత్తానికి అలవాటుగా పొయ్యొద్దు. పేడపురుగులు జోరుగా ఉండే వానల్లో తప్పించగలిగితే మంచిది. మాక్సిడెక్టిన్ అనే ఇలాంటి మందే పేడపురుగుల మీద కాస్త మెతక.

చిట్టిదూడ
జోరీగ గురించి రాస్తానన్నారు

పురుగులపిచ్చి
గుర్తుంది. జోరీగలో ఆడదే కుడుతుంది, మగది పూలతేనె తాగి బతుకుతుంది. ముక్కు సూది కాదు, కత్తి. చర్మం కోసి, కారిన రక్తాన్ని పీల్చుకుంటుంది. గుడ్లు నీటి ఒడ్డున ఆకుల మీద గుత్తిగా పెడుతుంది. పిల్లలు బురదలో పడి, అక్కడి చిన్న పురుగుల్నీ వానపాముల్నీ వేటాడుతూ నెలల తరబడి, కొన్ని జాతులైతే ఏడాదికి పైగా పెరుగుతాయి. అందుకే పాక ఎంత శుభ్రంగా ఉన్నా జోరీగ తగ్గదు, దాని పుట్టిల్లు అక్కడ కాదు. గుడ్ల మీద బతికే బుల్లి కందిరీగలున్నాయి. ఇసుకలో బొరియలు చేసే పెద్ద కందిరీగలు పశువు మీద వాలిన జోరీగను ఎత్తుకుపోయి పిల్లలకు పెడతాయి. తూనీగలు గాల్లోనే పట్టేస్తాయి.

తూనీగరెక్క
ఎట్టకేలకు నా పేరు వచ్చింది!

ఒక ప్రశ్న. కిటికీ అద్దం మీద చచ్చిన ఈగ ఒకటి కనబడింది. రెక్కలు పైకెత్తి, మూతి అద్దానికి అతుక్కుని ఉంది. పొట్ట ఉబ్బి తెల్ల చారలు. చుట్టూ అద్దం మీద తెల్లటి పొడి. మందు ఎవరూ కొట్టలేదు.

పురుగులపిచ్చి
అదృష్టవంతులు మీరు! అది బూజు జబ్బు, ఎంటొమాఫ్తోరా. బూజు లోపల పెరిగి, చచ్చే ముందు ఈగను ఎత్తైన చోటికి ఎక్కిస్తుంది. సాధారణంగా సూర్యాస్తమయం వేళ చస్తుంది. మూతి అతుక్కుపోతుంది, రెక్కలు పైకి లేస్తాయి, దాంతో పొట్టనుంచి బీజాలు అడ్డం లేకుండా రాత్రంతా చిమ్ముకుంటాయి. ఆ తెల్లపొడి అవే. చచ్చిన ఆడ ఈగ దగ్గరికి మగ ఈగలు జత కోసం వచ్చి జబ్బు అంటించుకుంటాయి.

రాత్రిగస్తీ
దయ్యాల కథలు ఈ విభాగంలో పెట్టకూడదు.

తూనీగరెక్క
అద్దం తుడిచేద్దామనుకున్నా. ఇప్పుడు మనసొప్పట్లేదు.

మందులబ్యాగు
చల్లగా తేమగా ఉన్నప్పుడే ఈ బూజు జోరు. మండు వేసవిలో, ఈగలు మితిమీరినప్పుడు, పెద్దగా కనబడదు.

ఇంకోటి, పుండు మీద వాలే ఈగల్ని పైవాటితో కలపొద్దు. పుండు అంచున గుడ్లు పెట్టి, పురుగు బతికున్న కండను తింటూ లోపలికి పోయే రకం వేరు, స్క్రూవర్మ్. అప్పుడే పుట్టిన దూడ బొడ్డు, కొమ్ము విరిగిన చోటు, పిడుదు కుట్టిన గాటు చాలు దానికి. దీనికి నల్లులనూ కందిరీగలనూ నమ్ముకోలేం. పుండు చూడాలి, కడగాలి, మందు పెట్టాలి, రోజూ.

చిట్టిదూడ
దానికి శత్రువే లేదా?

మందులబ్యాగు
దాని శత్రువు దాని మగడే. అమెరికా ఖండాల్లోని స్క్రూవర్మ్ రకం సంగతి చెప్తా, అందులో ఆడ ఈగ జీవితంలో ఒక్కసారే జతకడుతుంది. ఎడ్వర్డ్ నిప్లింగ్ అనే అమెరికన్ శాస్త్రవేత్తకు అక్కడే ఆలోచన తట్టింది. రేడియేషన్‌తో గొడ్డుపోయిన మగ ఈగల్ని పెంచి లక్షల్లో వదిలితే, వాటితో జతకట్టిన ఆడవి పెట్టిన గుడ్లు పగలవు. 1954లో కరీబియన్ సముద్రంలోని కురసావ్ దీవిలో అలాగే నిర్మూలించారు. తర్వాత అమెరికా అంతా, మెక్సికో, పనామా దాకా వెనక్కి తోశారు. మళ్లీ ఈమధ్య మధ్య అమెరికా మీదుగా పైకి పాకి 2024 నవంబరులో మెక్సికోలో కనబడింది. కాపలా సడలితే తిరిగొస్తుంది.

ఎర్రగిత్త
కాళ్ల ఈగకు కూడా అలా చెయ్యొచ్చుగా మరి?

పురుగులపిచ్చి
వదిలే మగవి కూడా రక్తం తాగుతాయి సార్. మొదట్లోనే చెప్పా.

ఎర్రగిత్త
సరే, అది పాయింటే.

రాత్రిగస్తీ
ఆవుకు జీబ్రా చారలు వేస్తే ఈగలు వాలవని ఎవరో అన్నారు. ఇది ఎవరైనా ఇక్కడ రాయకముందే నేనే రాసి నవ్వేస్తున్నా.

పురుగులపిచ్చి
నవ్వకండి, నిజమే. జపాన్‌లో నల్ల ఆవులకు తెల్ల చారలు వేసి చూశారు, 2019లో అచ్చయింది. కుట్టే ఈగలు దాదాపు సగం తగ్గాయి. నల్ల రంగుతోనే చారలు వేసిన ఆవులకు తేడా రాలేదు కాబట్టి రంగు వాసన వల్ల కాదు. నవ్వించి ఆలోచింపజేసే పరిశోధనలకు ఇచ్చే ఇగ్ నోబెల్ కూడా 2025లో వచ్చింది.

రాత్రిగస్తీ
ఎర్రగిత్త గారి గిత్తకు ముందు వేద్దాం.

ఎర్రగిత్త
దగ్గరికి రండి, అదే వేస్తుంది మీకు చారలు.

పాలచెంబు
చాలా రోజులకు వస్తున్నా. సందులో గడ్డంతా లాగి, ఎండలో పలచగా పరిచాం. గాడిని గోడనుంచి జరిపాం, ఇప్పుడు వెనక్కి చీపురు పోతుంది. కారే తొట్టి మార్చాం. వెనక కుప్పకు పట్టా కప్పాం. గోడలకు మందు ఆపలేదు, కానీ ఎప్పుడో ఒకసారి, అదీ ఈగలు కూర్చునే స్తంభాలకే.

మొదట్లో ఏమీ తగ్గలేదు. మానేద్దామనుకున్నా. ఇప్పుడు కాళ్లు కొట్టడం బాగా తగ్గింది. లేవని కాదు, ఉన్నాయి. ముందుకాళ్లకు ఒకటి రెండు కనబడుతున్నాయి.

గంగడోలు
మొదట్లో తగ్గకపోవడం మామూలే. అప్పటికే ప్యూపాలో ఉన్నవి బయటికి రావాలి, ఎగురుతున్నవి చావాలి. ముందుకాళ్లకు ఒకటి రెండు అయితే భరించొచ్చు. వానలు పడగానే మళ్లీ సందులు చూసుకోండి, తడి ఎక్కడ చేరితే అది అక్కడికి వస్తుంది.

ఎర్రగిత్త
స్తంభాలకు మాత్రమే కొట్టడం మంచి పని. రకం మార్చడం మర్చిపోవద్దు.

పురుగులపిచ్చి
సీసా ఏమైంది??

పాలచెంబు
అదే చెప్దామని వచ్చా. మొదటి వారంలో ఈగలు వచ్చాయి, వచ్చినవి లోపలే చచ్చాయి. మిగతా ప్యూపాలు అలాగే ఉండిపోయాయి, చచ్చాయేమో అనుకున్నా. మొన్న చూస్తే గుడ్డ కింద నల్లటి చీమల్లాంటివి, రెక్కలున్నాయి. పెంకులకు గుండ్రంగా చిల్లులు.

పురుగులపిచ్చి
స్పాలాంజియానే అయ్యుంటుంది! మీరు కొనకుండా, వదలకుండా మీ పాకలోనే ఉన్నాయి చూశారా. ఎన్ని పెంకులకు గుండ్రటి చిల్లు, ఎన్నిటికి కొస మూతలా ఊడింది, లెక్కపెట్టండి. కొస ఊడితే ఈగ, చిల్లుంటే కందిరీగ.

పాలచెంబు
లెక్కపెడతా. వీటిని ఇప్పుడేం చెయ్యను? సీసా తెరిస్తే మిగిలిన ఈగలు కూడా వస్తాయేమో.

పురుగులపిచ్చి
ఈగలన్నీ ముందే వచ్చేశాయి, ఇప్పుడు వచ్చేవి కందిరీగలే. కుప్ప పక్కన నీడలో పెట్టి మూత తీసెయ్యండి. అనుమానముంటే గుడ్డ బదులు దోమతెర ముక్క కట్టండి. కందిరీగ ఆ కంతల్లోంచి దూరిపోతుంది, ఈగ దూరలేదు.

పాలచెంబు
దోమతెర ఉంది. సాయంత్రం కట్టేస్తా. ఇంకో సీసా నింపమంటారా?

పురుగులపిచ్చి
నింపండి. ఈసారి కుప్ప అంచులవి ఒక సీసాలో, గాడి దగ్గరవి ఇంకో సీసాలో.